చిన్న పడవ ఎంచుకోండి, పూర్తి చేయండి

ఊరెళ్లాక చూసుకుందాం అనుకుని గల్ఫ్‌లో మనవాళ్లు పక్కన పెట్టేసిన ఇష్టాలకు లెక్కలేదు. పాట నేర్చుకోవడం, బొమ్మలు వేయడం, ఈత, చెక్కపని, ఏదైనా సరే, డ్యూటీ దిగాక ఓపిక లేదని వాయిదా వేస్తాం. ఏళ్లు గడిచి నిజంగానే ఊరెళ్లే రోజు వచ్చేసరికి ఒంట్లో సత్తువ తగ్గి ఉంటుంది, ఇష్టమూ పాతబడి ఉంటుంది. అలా వాయిదా పడిన ఇష్టాన్ని ఉన్నచోటే, దొరికిన గంటల్లోనే పూర్తి చేసుకునే పద్ధతిని ఈ అధ్యాయంలో చెబుతాను. అందుకు నేను ఎంచుకున్న పని పాత తెరచాప పడవను బాగుచేయడం. మీ ఇష్టం వేరే అయినా ఈ పనిలోని క్రమం మీకు పనికొస్తుంది. పడవే మీ ఇష్టమైతే మరీ మంచిది.

దోహా శివార్లలో మేముండే ఐన్ ఖాలిద్‌లో సముద్రం లేదు. ఒక వైపు సల్వా రోడ్డు, ఇంకో వైపు ఇండస్ట్రియల్ ఏరియా, మధ్యలో విల్లాలు, కాంపౌండ్లు, దుకాణాలు. కానీ పడవను నడపడానికే సముద్రం కావాలి, బాగుచేయడానికి అక్కర్లేదు. బాగుచేయడానికి కావాల్సినవి నాలుగే: కాస్త నీడ, ఒక కరెంటు పాయింటు, దగ్గర్లో హార్డ్‌వేర్ షాపులు, పని తెలిసిన మనుషులు. ఒడ్డున ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇవి దొరకవు. ఐన్ ఖాలిద్‌లో దొరుకుతాయి.

పడవ ఎందుకు చిన్నదైంది?

ఖతర్‌కు తెరచాప కొత్త కాదు. ముత్యాల వేట సాగినన్నాళ్లూ సంబూక్, జల్బూత్, బతీల్ లాంటి చెక్క పడవలే ఈ తీరానికి తిండి పెట్టాయి. వాటికి కావాల్సిన టేకు మలబారు నుంచి వచ్చేది. 1930ల్లో ఒకపక్క ప్రపంచ ఆర్థిక మాంద్యం, మరోపక్క జపాన్ పెంపకపు ముత్యాలు ఆ వేటను దెబ్బతీశాయి. 1949 చివర్లో దుఖాన్ చమురు ఎగుమతి మొదలయ్యాక జనం బతుకుతెరువు ఒడ్డు మీదికి మారింది. అయినా ఆ విద్యను పోనివ్వకూడదన్న పట్టుదల ఇక్కడ బలంగా ఉంది. దోహాలోని కతారా సాంస్కృతిక గ్రామంలో 2011 నుంచి సంప్రదాయ పడవల ఉత్సవం జరుగుతోంది. 2013లో 'ఫతహ్ అల్ ఖైర్' అనే పడవ దోహా నుంచి ముంబై దాకా ప్రయాణం చేసింది.

మన తీరానిదీ ఇలాంటి కథే. కాకినాడ దగ్గర కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టింది. కానీ పక్కనే ఉన్న తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే పని బతికింది. అక్కడి మేస్త్రీల విద్య తండ్రి నుంచి కొడుక్కి, చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది.

అయితే సంబూక్‌నో, తాళ్లరేవు బోటునో ఒక్కడు బాగుచేయలేడు. దానికి మేస్త్రీలు, కూలీలు, పెట్టుబడి, ఒడ్డున స్థలం కావాలి. సరదాగా నడిపే చిన్న తెరచాప పడవ వేరే ఆలోచనలోంచి పుట్టింది. మామూలు మనిషి, మామూలు పనిముట్లతో, తన ఇంట్లోనే పూర్తి చేయగలిగినంత పడవ ఎంత ఉండాలి? ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన గొప్ప చిన్న పడవల వెనుక ఉన్నది ఈ ప్రశ్నే.

1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో, క్లియర్‌వాటర్ పట్టణంలో, పిల్లల కోసం చవకైన పడవ ఒకటి గీసిపెట్టమని క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రీని అడిగారు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్లలోంచే పడవ రావాలి, ఖర్చు యాభై డాలర్లు దాటకూడదు. అందుకే ముందు భాగం కోసుగా కాకుండా మొద్దుగా, పెట్టెలా ఉండే పడవ వచ్చింది. అదే ఆప్టిమిస్ట్. పొడవు 2.3 మీటర్లు. పదిహేనేళ్ల లోపు పిల్లలు ఈ రోజుకీ ప్రపంచమంతటా దానిమీదే తెరచాప నేర్చుకుంటున్నారు. 2006లో దోహాలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు సెయిలింగ్ పోటీలకు వేదిక దోహా సెయిలింగ్ క్లబ్. ఆ పోటీల్లో ఆప్టిమిస్ట్ కూడా ఉంది.

1962లో ఇంగ్లండ్‌లో డైలీ మిర్రర్ పత్రిక అండతో జాక్ హోల్ట్, బ్యారీ బక్‌నెల్ కలిసి మిర్రర్ డింగీని తెచ్చారు. బక్‌నెల్ ఇంటి మరమ్మతులు నేర్పే టీవీ కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న మనిషి. ప్లైవుడ్ పలకల అంచులకు బెజ్జాలు వేసి, రాగి తీగతో కుట్టి, ఆ కుట్ల మీద ఫైబర్ టేపు, రెసిన్ వేసి గట్టిపరచడం వాళ్ల పద్ధతి. పలకల్ని కుట్టడం మన తీరానికి తెలిసిన విద్యే. మన మసూలా పడవలకు మేకులు లేవు, కొబ్బరి తాడు కుట్లే. మిర్రర్ ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. ఇలాంటివి 70 వేలకు పైగా తయారయ్యాయి. ఎన్నో ఇంటి గ్యారేజీల్లో, ఉద్యోగస్తుల చేతుల్లో పుట్టాయి.

తర్వాత ఫైబర్ కాలం వచ్చింది. బ్రూస్ కిర్బీ గీసిన లేజర్ 1971లో మార్కెట్లోకి వచ్చింది. ఒక్కడే కారు మీద వేసుకెళ్లి, ఒక్కడే దింపి నడుపుకునే పడవ అది. రెండు లక్షలకు పైగా అమ్ముడుపోయింది, 1996 నుంచి ఒలింపిక్స్‌లోనూ ఉంది.

ఈ చిన్న పడవలు ఏం చేయగలవో హైదరాబాద్ చూపించింది. హుస్సేన్ సాగర్ మీద సుహేమ్ షేక్ 2009లో యాటింగ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ స్థాపించారు. పేద కుటుంబాల పిల్లల్ని ఆప్టిమిస్ట్‌లలో ఎక్కించి నేర్పారు. ఆ నీళ్లలో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 470 తరగతి పడవల మిక్స్‌డ్ పోటీలో భారత్ తరఫున దిగింది. పడవ చిన్నదైతే అది అందరి చేతికీ అందుతుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఎంత పడవ మీది?

వదిలేసిన పనుల్లో ఎక్కువ భాగం మన స్థోమతకు, తీరికకు మించి ఎంచుకున్నవే. అందుకే మొదటి సూత్రం: ఒక్క చలికాలంలో పూర్తయ్యే పని మాత్రమే ఎత్తుకోండి.

పిల్లలుంటే ఆప్టిమిస్ట్ తీసుకోండి. విల్లా గోడ పక్కన సందులో కూడా పడుతుంది. మీరే నడపాలనుకుంటే లేజర్. దాని పొడవు 4.2 మీటర్లు, అంటే కారు షెడ్డు కింద చోటుండాలి. గల్ఫ్‌లో కనిపించే హోబీ 16 లాంటి రెండు పొట్టల పడవలు చూడ్డానికి బాగుంటాయి కానీ మొదటిసారికి వద్దు. చోటూ రెట్టింపు, పనీ రెట్టింపు. కేబిన్ ఉన్న పడవ ఉచితంగా ఇస్తానన్నా దణ్ణం పెట్టి రండి.

పడవ కొనకముందే ఇంటి ఓనరు అనుమతి అడగండి. పార్టిషన్ విల్లాలో ఉంటే పక్కవాళ్లతో కూడా ముందే మాట్లాడండి. రెసిన్ వాసన, అరగదీసినప్పుడు లేచే దుమ్ము వాళ్ల కిటికీలోకి వెళ్లకూడదు.

కొనే ముందు చెవిని నమ్మండి

పడవ రంగు చూసి మోసపోకండి. రంగు నిన్న వేసినదై ఉండొచ్చు. మా వీధికి అవతల ఇండస్ట్రియల్ ఏరియాలో మన కరీంనగర్ తమ్ముడొకడు ఫైబర్ నీళ్ల ట్యాంకుల పని చేస్తాడు. విల్లాల మీది ట్యాంకులదీ, ఈ పడవలదీ ఒకటే పదార్థం. ఒక పాత లేజర్ చూడ్డానికి అతన్ని తీసుకెళ్లాను. జేబులోంచి ఒక నాణెం తీసి, పడవ ముందు కొస నుంచి జానెడు జానెడుకీ తట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. స్తంభం దిగే గుంత దగ్గరికి రాగానే శబ్దం మారింది, తడి అట్టపెట్టె మీద కొట్టినట్టు.

"అన్నా, గీడ సప్పుడు జర తేడా ఉన్నది. లోపల పొర లేసింది. నీళ్లు పట్టినయ్" అన్నాడు.

"ఎంత దూరం పట్టిందంటావు తమ్ముడూ?" అని అడిగాను.

మళ్లీ తట్టి, శబ్దం మారిన చోటల్లా పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, ఆ చుక్కలు కలిపాడు. అరచేయంత మచ్చ తేలింది. "గింతే అన్నా. చేసుకోవచ్చు. గీ రెండు చేతులంత ఉంటే వద్దంటుంటి."

కొనాలా వద్దా అన్నది తేల్చే పరీక్ష అదే. దాంతోపాటు పడవను తూకం వేయండి. ఆప్టిమిస్ట్ ఖాళీ పడవ 35 కిలోలు, లేజర్ సుమారు 59 కిలోలు ఉండాలి. అంతకంటే బాగా బరువుంటే లోపల నీరు నిలిచిందని అర్థం. చెక్క పడవ అయితే మూలల్లో, వెనక పలక దగ్గర, మధ్య పలక దిగే పెట్టె చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. మొన దిగబడితే ఆ చెక్క కుళ్లింది.

మూడు జాబితాలు

పడవ ఇంటికి రాగానే ఉప్పుకాగితం చేతపట్టకండి. మొదటి సాయంత్రం పెన్ను, పుస్తకం చాలు. మూడు జాబితాలు రాయండి. మొదటిది, మనల్ని ముంచేవి: పగుళ్లు, కారే చోట్లు, గాలి గదుల మూతలు. రెండోది, నడవనివ్వనివి: చుక్కాని కీళ్లు, తాళ్లు, కప్పీలు, తెరచాప కుట్లు. మూడోది, కంటికి నచ్చనివి: గీతలు, వెలిసిన రంగు, పేరు రాసిన అక్షరాలు.

మొదటి జాబితా పూర్తయ్యేవరకు రెండోదాన్ని, రెండోది పూర్తయ్యేవరకు మూడోదాన్ని ముట్టుకోకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే పడవ నీళ్లలోకి వెళ్తుంది. పాటించని పడవ రంగు వేసుకుని షెడ్డులోనే ఉండిపోతుంది. ఆగిపోయిన ఏ పనికైనా ఈ మూడు జాబితాలు రాసి చూడండి. మన శ్రమంతా మూడో జాబితాలో ఖర్చవుతోందని చాలాసార్లు తేలుతుంది.

పనిలోకి

ముందు కారే చోట్లు వెతకాలి. పడవ అంచులకు, కీళ్లకు సబ్బు నీళ్లు పూసి, నీరు తీసే బిరడా దగ్గర గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదండి. బుడగ లేచిన చోట చిల్లు ఉంది. కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు, ఆ ఒత్తిడికి అతుకులు విడిపోతాయి.

తర్వాత ఆరబెట్టడం. లోపల తడి ఉండగా పైన ఎంత గట్టిగా మూసినా నిలవదు. మూతలు తీసి, నీడలో ఫ్యాను పెట్టి, రోజుల తరబడి వదిలేయండి. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కలో ఇది సాగదు. గాలి పొడిబారాక మొదలుపెట్టండి.

పొర లేచిన చోట చెడిపోయిన ఫైబర్‌ను గట్టి పొర తగిలేదాకా అరగదీయాలి. అంచుల్ని నిట్టనిలువుగా కోయకుండా పళ్లెంలా వాలుగా చేయాలి. మందం ఒక మిల్లీమీటరైతే వాలు పన్నెండు మిల్లీమీటర్లు. అప్పుడే కొత్త పొర పాతదాన్ని పట్టుకుంటుంది. గ్లాస్ గుడ్డను చిన్నది, దానికంటే పెద్దది అంటూ ముక్కలు కోసి ఎపాక్సీతో ఒకదానిమీద ఒకటి పరవాలి.

ఎపాక్సీ దగ్గర ఓపిక పట్టండి. డబ్బా మీద రాసిన పాళ్లు అక్షరాలా పాటించాలి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, ఎప్పటికీ మెత్తగా ఉండిపోతుంది. ఖతర్ వేడికి నెమ్మదిగా గట్టిపడే రకమే కొనండి. కప్పు నిండా కలిపి పక్కన పెడితే లోపల పుట్టిన వేడి బయటికి పోలేక చిక్కబడి, పొగలు కక్కి, కప్పునే కరిగిస్తుంది. కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరచి వాడండి. ఆరాక పైన మైనంలాంటి జిడ్డు తేలవచ్చు. దాన్ని నీళ్లతో రుద్ది కడిగాకే అరగదీయాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, ముక్కుకు దుమ్మును ఆపే మంచి మాస్క్ లేకుండా ఈ పని చేయకండి. పిల్లల్ని అరగదీసే చోటికి రానివ్వకండి.

అల్యూమినియం స్తంభం మీద స్టీలు బిగింపులున్న చోట తెల్లటి పొడి కనిపిస్తే, ఉప్పు నీటిలో స్టీలు తగిలిన చోట అల్యూమినియం తినుకుపోతోందని గుర్తు. విప్పి, శుభ్రం చేసి, మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి మళ్లీ బిగించండి. స్తంభాన్ని లాగిపట్టే తీగల్లో ఒక్క పోగు తెగినా ఆ తీగ మొత్తం మార్చాల్సిందే.

తెరచాపలో గుడ్డకంటే ముందు ఎండకు చచ్చేది దారం. కుట్టును గోరుతో గీరితే దారం తెగుతోందంటే, గుడ్డ బాగున్నా మళ్లీ కుట్టించాలి. ఎండకు తట్టుకునే పాలిస్టర్ దారంతో, పాత బెజ్జాలనే వాడుతూ జిగ్‌జాగ్ కుట్టు వేయించండి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, మడత పెట్టకుండా చుట్టి ఉంచండి.

ఎండ, ఖర్చు, ఇల్లు

ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని చేయించడం చట్టరీత్యా నిషేధం. ఆ నియమం కార్మికుల ప్రాణం కాపాడటానికి పెట్టింది. మీ సరదా పనికి కూడా అదే వర్తిస్తుందనుకోండి. అక్టోబరులో మొదలుపెట్టి మార్చికల్లా ముగించేలా లెక్క వేసుకోండి. వారంలో రెండు సాయంత్రాలు, శుక్రవారం ఉదయం కాసేపు చాలు. పని ఆపే ముందు, వచ్చేసారి మొట్టమొదట చేయాల్సింది పుస్తకంలో ఒక్క వాక్యం రాసిపెట్టండి. అలసిపోయి వచ్చిన రోజున ఆ వాక్యమే మిమ్మల్ని పనిలోకి దింపుతుంది.

ఇంటికి పంపాల్సిన డబ్బు పంపాకే పడవ మాట. మొత్తం ఎంత పెట్టగలరో ముందే రాసుకుని, అందులో మూడో వంతు విడిగా దాచండి. పాత పడవ విప్పాక బయటపడే పనులకు అది కావాలి.

ఇంట్లోవాళ్లను ప్రేక్షకుల్ని చేయకండి. తాళ్లు కోసి చివరలు కాల్చడం, నట్లు లెక్కపెట్టి డబ్బాల్లో వేయడం, పడవకు పేరు పెట్టడం పిల్లలకు ఇవ్వండి. కుటుంబం ఊళ్లో ఉంటే వారానికోసారి వీడియో కాల్‌లో పని ఎంతవరకు వచ్చిందో చూపించండి. ఎదురుచూసే మనిషి ఒకరుంటే పని ఆగదు.

నీళ్లలోకి దిగే ముందు

పడవ రిజిస్ట్రేషన్, ఎక్కడ దింపవచ్చు అన్న నియమాలు సంబంధిత అధికారుల దగ్గర తెలుసుకోండి. నడపడం రాకపోతే ఒక సెయిలింగ్ క్లబ్‌లో నేర్చుకోండి. మొదటి పరీక్ష నడుములోతు నీళ్లలోనే. పడవ నిండా నీళ్లు నింపండి. అప్పుడు కూడా ఒరగకుండా సమంగా తేలితేనే దాన్ని లోతుకు తీసుకెళ్లాలి.

గాలి విషయంలో ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడి షమాల్ వాయవ్యం నుంచి వీస్తుంది. దోహా తూర్పు తీరంలో ఉంది కాబట్టి ఆ గాలి నేల మీంచి సముద్రం వైపు తోస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు నిశ్చలంగానే కనిపిస్తాయి, కానీ దిగిన పడవను అది లోపలికి లాక్కుపోతుంది. షమాల్ వీచే రోజున చిన్న పడవ దింపకండి. లైఫ్ జాకెట్ లేకుండా, ఒంటరిగా, ఒడ్డున ఎవరికీ చెప్పకుండా ఎప్పుడూ వెళ్లకండి.

ఈ వారం చేయాల్సినవి

1. మీ షెడ్డును, సందును టేపుతో కొలిచి ఆ కొలతలో పట్టే పడవ ఏదో రాసుకోండి.

2. ఇంటి ఓనరుతో, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి.

3. మీకు తెలిసిన ఫైబర్ పనివాళ్లు, వడ్రంగులు, కుట్టుపని వాళ్ల ఫోన్ నంబర్లు ఒకచోట చేర్చండి. మనవాళ్లలోనే దొరుకుతారు.

4. సెలవు రోజున కతారాకు వెళ్లి పాత చెక్క పడవల అతుకుల్ని దగ్గరగా చూడండి.

5. పడవ మీ ఇష్టం కాకపోతే, మీరు ఆపేసిన పని పేరు రాసి దాని కింద మూడు జాబితాలు రాయండి.

గల్ఫ్‌లో మనం కట్టినవన్నీ వేరేవాళ్లవి: టవర్లు, స్టేడియాలు, రోడ్లు. ఆ పనితనం మన చేతుల్లోనే ఉంది. అందులో కొన్ని సాయంత్రాలు మీ కోసం ఉంచుకోండి. చిన్నదాన్నే ఎంచుకోండి, ముంచే పగుళ్లతో మొదలుపెట్టండి, రంగు చివర్లో వేయండి. ఈ చలికాలంలోనే పూర్తి చేయండి.